ముప్పై తొమ్మిది పళ్లు

లఛ్‌మన్‌దాస్ భోజనానికి వెళుతూ కొట్టు పైడిరాజుకి అప్పగించాడు. తలుపు రెక్క ఒకటి మూసి, రెండోది తెరిచి ఉంచి, సామాన్ల రేకు పెట్టె మూత తీసి గోడకి ఆనించాడు. "నీకు కావలసింది ఏరుకో ఉస్తాద్, నేను తిని వచ్చేలోపు తేల్చెయ్" అన్నాడు హిందీలో. గడప దాటినవాడు మళ్లీ వెనక్కి తిరిగి, "కొత్తదే తీసుకో, నా మాట విను. ఇంతకీ అమర్‌కంటక్ కొండకి ఎంతమంది?" అని అడిగాడు. "ముగ్గురు. మా ఆవిడ, బావమరిది, వాడి పెళ్లాం." "మరి నువ్వు?" "నాకు డ్యూటీ." లఛ్‌మన్‌దాస్ "అచ్ఛా" అని తువ్వాలు తలమీద వేసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు.

పైడిరాజు గోనెసంచి మడిచి వేసుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. కొట్టులో నూనె వాసన, బయటినుంచి ఇప్పపూల వాసన. ఈ నెలంతా సదర్ బజార్‌లో ఇప్పపూలు బస్తాలకెత్తుతారు, తలుపు మూసినా ఆ వాసన ఆగదు. ఊరికి వచ్చిన మొదటి ఏడాది దానికి అతనికి తల తిరిగేది, ఇప్పుడైతే అది ముక్కుకి తగిలేదాకా ఎండాకాలం వచ్చినట్టే ఉండదు. తెచ్చిన మూట విప్పాడు. బావమరిది సన్యాసిరావు జీపు వెనక ఇరుసులోంచి తీసిన క్రౌన్ చక్రం, దాన్ని తిప్పే పినియన్. క్రౌన్ అంటే పళ్లున్న పళ్లెం, పినియన్ అంటే పళ్లున్న మొగ్గ. ఇంజిను తిరిగితే పొడుగు కడ్డీ తిరుగుతుంది, కడ్డీ చివర మొగ్గ తిరుగుతుంది, మొగ్గ పళ్లేన్ని తిప్పుతుంది, పళ్లెం చక్రాల్ని తిప్పుతుంది, అంతే సంగతి. మొదటిసారి విప్పి చూసినప్పుడు అతనికి నవ్వొచ్చింది. రైలింజిన్ల షెడ్డులో తను రోజూ పట్టే నట్టు ఒక్కటే ఈ మొగ్గంత బరువుంటుంది, ఈపాటి సామాను మీద బండి నడవడమేమిటి, నడిచి కొండ ఎక్కడమేమిటి అనుకున్నాడు. ఇప్పుడు ఆ పళ్లెంలో రెండు పళ్లు లేవు, మూడోది సగమే ఉంది.

అర్పా నదిలో విరిగాయవి. నదిలో నీళ్లు లేవు, ఇసకలో పుచ్చపాదులు వేశారు, కాయలు ఎక్కించుకుపోదామని వచ్చిన లారీ ఇసకలో కూరుకుపోయింది. సన్యాసిరావు జీపుకి గొలుసు కట్టి లాగాడు. ఎవరు లాగమన్నారని అడిగితే, ఎవరూ అనలేదు బావా, అందరూ సూస్తన్నారు మరి, అన్నాడు. చూస్తున్నారంటే వాడు ఆగలేడు. రైల్వే యార్డులో పాయింట్స్‌మన్‌గా ఉన్నప్పుడూ అంతే, కదులుతున్న వ్యాగన్ మెట్టు మీద ఒక కాలు పెట్టి వేలాడుతూ వచ్చేవాడు, చూసేవాళ్లుంటే రెండో కాలు కూడా గాలిలో పెట్టేవాడు. "బావా, ఎనకాల టక్కుమన్నాది, ఏటది?" అని అడిగాడు ఇంటికొచ్చి. "టక్కుమన్నాది కాదురా సన్నాసీ, ఇరిగినాది." "అతికితే అతుకుతాదేటి?" "నీ పన్ను ఇరిగితే అతికీసినారేటి ఎవులైనా?" వాడి పెళ్లాం లక్ష్మీనరసమ్మ వంటింట్లోంచి వింటోంది. "రైలు సాల్లేదు ఒదినా మీ తమ్ముడికి, జీపు గావాల్సొచ్చినాది, రేపు ఇమానమంటాడు" అంది. మంగాయమ్మ తమ్ముణ్ణి వెనకేసుకు రాలేదు, నవ్వలేదు కూడా. పైడిరాజు వైపు తిరిగి ఒకటే అడిగింది. "ఆదివారానికి ఎల్తాదా బండి?" అతను చేతికంటిన నూనె తుడుచుకుంటూ, తలెత్తకుండానే, "ఎల్తాది" అన్నాడు.

తలెత్తకుండా అన్నాడు. అది ఇప్పుడు గుర్తొచ్చింది. మంగాయమ్మ అప్పుడే ఊరుకోలేదు. "నీ నోట లేదన్న మాట రాదు. కిందటేడు పైన పెంకులు కారితే ఆగుతాదన్నావు. ఆగినాదా?" "ఆగినాది కదేటి." "వానలు ఆగినాయి." అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. కానీ ఆదివారం వెళ్లేది పెంకులు కాదు. కోటా అనే పల్లె దాటాక అడవి, అడవి దాటాక రాళ్ల దారి, పక్కనే లోయ. ఆ బండిలో వెనక సీటు మీద చిక్కుడుపాదు గుడ్డ సంచిలో పులిహోర మూట పెట్టుకుని కూర్చునేది మంగాయమ్మ. నర్మద పుట్టిన చోటు చూస్తానని ఆమె ఎప్పటినుంచో అంటోంది. తార్‌బహార్ రైల్వే క్వార్టర్లలో కాపురానికి వచ్చిన కొత్తలో హిందీలో ఒక్క ముక్క రాదు, ఎవరేం చెప్పినా అచ్ఛా అనేది, పాలవాడు పాలలో నీళ్లు కలిపానని చెప్పినా అచ్ఛా అనేదని అతను ఇప్పటికీ ఏడిపిస్తాడు. ఆ రోజుల్లో పక్క క్వార్టరావిడ అమర్‌కంటక్ వెళ్లొచ్చి చెంబుతో నీళ్లు తెచ్చి, ఒక చిన్న గుంటలోంచి అంత నది ఎలా వస్తుందో చేతులతో చూపించింది. భాష తెలియకపోయినా మంగాయమ్మకి ఆ చేతులు అర్థమయ్యాయి. ఏడాదికోసారి పాసు వస్తుంది, పెండ్రా రోడ్ దాకా రైల్లో వెళ్లి అక్కణ్ణుంచి ఎడ్లబండి కట్టించుకోవచ్చు. ఒక పాసు మీద ఆడపిల్ల పెళ్లికి వెళ్లారు, ఒక పాసు మీద పురిటికి ఖరగ్‌పూర్ వెళ్లారు, మిగిలిన పాసులు అతని డ్యూటీలో మురిగిపోయాయి. మంగాయమ్మ నిష్ఠూరమాడే మనిషి కాదు. స్టేషనుకి ఎవరినైనా దించడానికి వెళితే మాత్రం పెండ్రా రోడ్ మీదుగా కట్నీ వైపు వెళ్లే బండి ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో ఒకసారి అటు చూసేది.

చిక్కుడుపాదు గుడ్డ అంటే ఆమె పాత చీరే, ఆకుపచ్చది, మీద చిక్కుడు తీగల అచ్చు, కొంగు చిరిగాక సంచి కుట్టింది. నిన్న సాయంత్రం ఆ సంచి ఉతికి ఆరేసింది.

పెట్టెలో పైన కొత్త జత ఉంది. మైనపు కాగితంలో చుట్టి, కాగితం మీద గ్రీజు. విప్పాడు. పళ్లకి ఎక్కడా మరక లేదు, వేలు పెట్టి రాస్తే ఎక్కడా గీసుకోలేదు. యుద్ధం అయ్యాక జనం కోసం చేసిన జీపుల కోసం వచ్చిన సామాను ఇది అని లఛ్‌మన్‌దాస్ చెప్పాడు. సన్యాసిరావుది యుద్ధంలో తిరిగిన బండి, బెంగాల్ వైపు మిలటరీ వేలంలో కొన్నాడు. బండి వేరైనా ఇరుసు పెట్టె అదే, అచ్చంగా కూర్చుంటుంది అన్నాడు. నిజమే, బోల్టుల బెజ్జాలు విరిగినదాని మీద పెట్టి చూస్తే సరిపోయాయి. పళ్లు లెక్కపెట్టాడు. సుద్దతో ఒక పన్ను మీద గుర్తు పెట్టి అక్కణ్ణుంచి వేలితో తోసుకుంటూ వచ్చాడు. నలభై మూడు. విరిగిన పళ్లెం లెక్కపెట్టాడు, ఊడినవాటి మొదళ్లతో కలిపి ముప్పై తొమ్మిది. మొగ్గలు రెండింటికీ ఎనిమిదే. అంటే కొత్తది ఒక చుట్టు తిరగడానికి మొగ్గ ఇంకొంచెం ఎక్కువ తిరగాలి. వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. లఛ్‌మన్‌దాస్ చెప్పిందీ అదే, కొండకి ఇదే మేలు అన్నాడు. అబద్ధం కాదు. గూడ్సు ఇంజిను చక్రాలు మెయిలు ఇంజిను చక్రాలకన్నా చిన్నవి, ఎందుకంటే దానికి కావలసింది లాగడం, పరుగు కాదు. ముగ్గురు మనుషులు, నీళ్ల డబ్బా, పెట్రోలు డబ్బా, పులిహోర. సన్యాసిరావు వేగం తగ్గితే అందరికీ మంచిదే.

కొత్త సామాను చేతిలో ఉంటే చెయ్యి దాన్ని వదలదు. అమ్మన్న మేస్త్రి అనేవాడు, కొత్తదాన్ని సూడగానే నమ్మీకురా, అది ఇంకా ఏ పనీ సెయ్యలేదు, అని. బొబ్బిలి దగ్గరి మనిషి, పైడిరాజు షెడ్డులో చేరినప్పుడు ఫిట్టర్లందరికీ పెద్ద. ఏ బేరింగ్ మార్చినా, ఏ పళ్లచక్రం మార్చినా, ముందు దానికి సిందూరం పెట్టేవాడు. పూజకి కాదు. ఎర్రసిందూరం నూనెలో కలిపి ఒకదానికి పలచగా పూసి, రెండోదాని మీద తిప్పితే, ఎక్కడ తగులుతోందో అక్కడే ఎరుపు అంటుతుంది, తగలని చోట అంటదు. షెడ్డులో దాన్ని రెడ్‌లెడ్ అంటారు, డబ్బాల్లో వస్తుంది. పైడిరాజు చుట్టూ చూశాడు. గూట్లో రెండు దేవుళ్లున్నారు. చేప మీద కూర్చున్న సింధీల దేవుడు ఝూలేలాల్ పటం లఛ్‌మన్‌దాస్ సింధ్ నుంచి వస్తూ తెచ్చుకున్నది. రాతి బజరంగబలి కొట్టు ఇచ్చిన ఆసామి పెట్టినది, తీయడానికి వీల్లేదన్నాడట, లఛ్‌మన్‌దాస్ తీయలేదు సరికదా మంగళవారం మంగళవారం సిందూరం కూడా పూస్తున్నాడు. దేవుడి పాదాల దగ్గర గిన్నెలో సిందూరం, నూనెతో కలిపే ఉంది. పైడిరాజు దండం పెట్టుకుని వేలు ముంచాడు. ఇది నీ పనే సామీ, కొండ మోసినోడివి నీకు తెలీదేటి, అనుకున్నాడు.

మొగ్గకి పూశాడు. పళ్లేన్ని రెండు మోకాళ్ల మధ్య పట్టుకుని మొగ్గని దాని మీద పెట్టి తిప్పాడు. చేతుల్లో పట్టి తిప్పితే సగం సంగతే తెలుస్తుంది, మిగతా సగం ఇరుసు పెట్టెలో బిగించాకే. అయినా తెలిసింది. ప్రతి పన్ను మధ్యలోనూ ఎరుపు పడింది, కోలగా, చింతగింజంత. ఇంతకన్నా బాగా పడదు. జేబులోంచి ఇనప తీగ తీశాడు, రెండూ కలిపి కట్టేద్దామని. సన్యాసిరావు సంతోషిస్తాడు. కొత్త సామాను వేశామని ఊరంతా చెబుతాడు. రేపు అర్పా ఇసకలో అటూ ఇటూ ఒకసారి నడిపి చూస్తారు, మంగాయమ్మ గట్టు మీద నిలబడి చూస్తుంది, సూసినావా ఎల్తాదని సెప్పలేదేటి, అనవచ్చు. తీగ సగం చుట్టాడు.

అప్పుడు స్టేషను వైపునుంచి గూడ్సు బయల్దేరిన చప్పుడు వచ్చింది. ముందు ఇంజిను కూత, ఆ తర్వాత కొక్కేలు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకునే చప్పుడు, టక్ టక్ టక్ అంటూ వెనక్కి పాకి, చివరి గార్డు పెట్టె దగ్గర ఆగింది. కట్నీ వైపు బండి. బొగ్గు అయ్యుంటుంది. ఖోంగ్‌సరా స్టేషను దగ్గర దానికి వెనకాల ఇంకో ఇంజిను తగిలిస్తారు, భన్వార్‌టోంక్ ఘాట్ ఎక్కడానికి. ముందుది లాగుతుంది, వెనకది తోస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఆ వెనక ఇంజిను మీద మరమ్మతుకని వెళ్లేవాడు. సొరంగంలో పొగ నోట్లోకి రాకుండా తడి గుడ్డ కట్టుకుని కూర్చునేవారు. ముందు ఇంజిను కూత వేస్తే వెనకది జవాబు కూత వేయాలి, అప్పుడే ఇద్దరూ ఆవిరి తెరుస్తారు. డ్రైవరు చెప్పేవాడు, ఎంత బలమున్నాదన్నది కాదురా పైడీ, ఇద్దరం ఒక్కలాగ నడస్తన్నామా లేదా అన్నదే. వెనకది ఎక్కువ తోసిందా వ్యాగన్లు పట్టా దిగుతాయి. ముందుది ఎక్కువ లాగిందా కొక్కెం తెగుతుంది. ముందుది, వెనకది.

తీగ చుట్టే చెయ్యి ఆగింది.

జీపులో సన్యాసిరావు మోకాలి పక్కన ఒక చిన్న లీవరు ఉంది. రోడ్డు మీద దాన్ని ముట్టుకోరు. ఇసకలోనో కొండ మీదో లాగితే ముందు చక్రాలు కూడా తిరగడం మొదలుపెడతాయి, ఒకే ఇంజిను నుంచి, ఒకే గేరు పెట్టె నుంచి, ముందుకొక కడ్డీ, వెనక్కొక కడ్డీ. ముందు ఇరుసులోనూ ఒక పళ్లెం, ఒక మొగ్గ. అది అతను విప్పలేదు. విప్పక్కర్లేదు, ఆ బండి పుట్టినప్పుడు రెండూ కలిసి పుట్టాయి, వెనకది ముప్పై తొమ్మిదైతే ముందుదీ ముప్పై తొమ్మిదే. వెనక నలభై మూడు పెడితే లీవరు లాగినప్పుడల్లా ముందు చక్రాలు త్వరగా వెళతామంటాయి, వెనకవి రానంటాయి. ఇసకలో ఫరవాలేదు, ఇసక జారుతుంది, చక్రం జారి సర్దుకుంటుంది. రేపు అర్పాలో బండి పెళ్లికొడుకులా నడిచేది. మంగాయమ్మ గట్టు మీద చూసేది. ఆదివారం కొండ మీద, రాయి మీద, జారడానికి చోటు లేని దగ్గర, పక్కన లోయ ఉన్న దగ్గర, టక్కుమనేది.

పైడిరాజు సగం తీగ చుట్టిన జతని నేల మీద దించాడు. రోడ్డు మీద ఎవరో పుచ్చకాయలమ్ముతున్నారు. తనకి తెలియనిదైతే సరే. షెడ్డులో చేరిన మొదటి వారంలో అమ్మన్న నేర్పిన పాఠమే ఇది. ఇంజిను పెద్ద చక్రాలు మూడింటినీ బయటినుంచి ఒక ఇనప కడ్డీ కలుపుతుంది. అందులో ఒక చక్రం పట్టీ అరిగితే ఒక్కదాన్నే చెక్కరు. అన్నిటినీ లేతు మీదికి ఎక్కించి ఒకే కొలతకి తెస్తారు, అరగనివాటిని కూడా. బాగున్నదాన్ని ఎందుకు కొయ్యడమని కుర్రతనంలో అడిగితే అమ్మన్న అన్నాడు, "కలిసి తిరిగీవి కలిసే అరగాలిరా." ఆ మాట పైడిరాజు తన కింద పనిచేసిన ప్రతివాడికీ చెప్పాడు. అయినా ఇక్కడ తట్టలేదు. ఎందుకంటే ఇంజినుకి కడ్డీ బయట కనిపిస్తుంది. ప్లాట్‌ఫారం మీద పిల్లలు కూడా చూస్తారు, ముందుకీ వెనక్కీ ఆడుతూ ఉంటుంది. రైలు మనిషి కన్ను దానికే అలవాటు, కడ్డీ ఉంటే కలిసినట్టు, లేకపోతే విడిగా ఉన్నట్టు. జీపుకి అది కడుపు కింద ఉంది.

నవ్వొచ్చింది. ఒక్కడే ఉన్నాడు కాబట్టి పైకే నవ్వాడు. తీగ విప్పి కొత్త జతని తుడిచి మైనపు కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు, పెట్టె అడుగుకి చెయ్యి పోనిచ్చాడు. కింద పాతవి. మిలటరీ బండ్లలోంచి ఊడదీసినవి, జతలు జతలుగా కాక పళ్లేలన్నీ ఒక మూల, మొగ్గలన్నీ ఒక మూల పోసి ఉన్నాయి. విప్పినవాడెవడో గాని పాపం మూటగట్టుకున్నాడు. పళ్లెం, మొగ్గ ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ అరుగుతాయి, వేరేదానితో కలిపితే అరుస్తాయి. అందుకే కర్మాగారంలో రెండింటి మీదా ఒకే అంకె చెక్కి పంపుతారు. ముప్పై తొమ్మిది పళ్లవి రెండు దొరికాయి. ఒకదాని పళ్ల కొనలు పెచ్చులూడాయి, పక్కన పడేశాడు. రెండోదాని అంచు మీద తుప్పు. ఇసక కాగితంతో రుద్దితే అంకె తేలింది. ఇక దాని మొగ్గ. ఒక్కొక్క మొగ్గా తీసి వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి తల మీద గ్రీజు గీకి చూశాడు. ఇది కాదు. ఇదీ కాదు. ఇది అసలు లారీది. ఏరుతూ ఉంటే హాయిగా ఉంది, మంగాయమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతున్నప్పుడు పక్కన కూర్చుంటే ఉన్నట్టు. ఆమె ఏరుతూ ఏదో ఒకటి చెబుతూ ఉంటుంది, అతను సగం వింటాడు, విన్నావా అంటే విన్నానంటాడు, ఏటన్నాను సెప్పు అంటే దొరికిపోతాడు. నిన్న చెప్పిందేమిటి? పులిహోర నలుగురికి సరిపడా చేస్తానంది. ముగ్గురే కదేటి అంటే, దారిలో ఎవులైనా కలుస్తారు, ఉండనీ, అంది. బియ్యం వైపే చూస్తూ అంది. తలెత్తలేదు.

దారిలో ఎవరు కలుస్తారు? అడవి అది.

ఆ అంకె ఉన్న మొగ్గ చిట్టచివర, పెట్టె మూలన, గుడ్డపేలికల కింద దొరికింది. తుడిచాడు. పళ్లు అరిగాయి, కాని సమంగా అరిగాయి, వేలికి ఎక్కడా మెట్టు తగల్లేదు. సిందూరం పూసి తిప్పాడు. ఎరుపు చింతగింజలా పడలేదు. పన్ను పొడుగునా పరుచుకుని పడింది, ప్రతి పన్ను మీదా ఒకేలా, ఎక్కడెక్కడ ఇది దాన్ని మోసిందో అక్కడల్లా. పళ్లేన్ని తీగతో వేలాడదీసి సుత్తి పిడితో తట్టాడు. పగులుంటే చప్పుడు చస్తుంది. ఇది మోగింది, మోగుతూ ఉంది. అతను చెవి దగ్గర పెట్టుకుని అది ఆగేదాకా విన్నాడు. వెళ్తుంది. ఈసారి తలెత్తి చెప్పొచ్చు.

కొండ మీద ఎవరైనా ఆ చప్పుడు వింటూ ఉండాలి. పాత జత కొత్త చోట కూర్చుంటే మొదటి రోజు ఏదో ఒకటి చెబుతుంది, సన్యాసిరావు వినడు, వాడు పాడుకుంటాడు. ఇరుసు పెట్టె వేడెక్కిందేమో చెయ్యి పెట్టి చూడాలి. అది ఒక కారణం. ఫోర్‌మన్‌కి చెప్పడానికి పనికొచ్చే కారణం. చెప్పనవసరం లేని కారణం ఇంకొకటి ఉంది. ఇన్నేళ్లలో షెడ్డు ఒక్క ఆదివారం తను లేకపోతే ఆగిపోతుందని ఎవరూ అనలేదు, తనే అన్నాడు. సూర్యం ఉన్నాడు, గోవిందరావు ఉన్నాడు, ఎవరినడిగినా డ్యూటీ మార్చుకుంటారు. ఇవాళ దాకా అడగలేదు, అంతే.

లఛ్‌మన్‌దాస్ వచ్చాడు, చేతిలో మూతపెట్టిన గ్లాసు. "మా ఇంటావిడ పంపింది, మజ్జిగ" అని ఇచ్చి, గూటి వైపు చూసి నిలబడిపోయాడు. "ఉస్తాద్, బజరంగబలి గిన్నె ఖాళీ అయిందేమిటి?"

"ఆయనే ఏరిపెట్టాడు సేఠ్, ఆయన సిందూరమే నా చేతికి అంటింది" అని పైడిరాజు ఎర్రటి వేళ్లు చూపించాడు.

లఛ్‌మన్‌దాస్ నవ్వి, నేల మీదున్న జత చూసి నవ్వు ఆపాడు. "అదేమిటి, కొత్తది వదిలి దీన్ని తీశావు? ఇది పాతది."

"ముందున్నదీ పాతదే సేఠ్. కొత్తది తియ్యాలంటే రెండు కావాలి. అలాంటిది ఇంకొకటి వస్తే చెప్పు, అప్పుడు రెండూ మారుస్తాను."

లఛ్‌మన్‌దాస్ జతని అటూ ఇటూ తిప్పి చూశాడు, ముందున్నదీ అని తనలో తను అనుకున్నాడు, తల ఊపాడు. "సరే, నీ చెయ్యి నీ ఇష్టం. అయినా బరువేముంది, ముగ్గురే కదా."

పైడిరాజు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. పళ్లెం బెజ్జంలోంచి తీగ పోనిచ్చి, మొగ్గ మెడకి చుట్టి, ముడి బిగించాడు.

"నలుగురం" అన్నాడు.